యూపీవీసీ తలుపు హ్యాండిల్: కొలత, కొనుగోలు, బిగింపు, రిపేరు

తిరుపతిలో ఈమధ్య కట్టిన ఇళ్లు చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. వీధి తలుపు మాత్రం టేకుదే, గడపకు పసుపు రాయాలంటే చెక్కే ఉండాలి కదా. బాల్కనీకి, పెరటి వైపు, వంటింటి పక్కనున్న యుటిలిటీకి వచ్చేసరికి యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్. చెద పట్టదు, నవంబరు వానలకు ఉబ్బదు, రంగుల ఖర్చు లేదు. అన్నీ నిజమే. కానీ ఆ తలుపులో రోజూ మన చెయ్యి పడే చోటు హ్యాండిల్. దాని లోపల చిన్న స్ప్రింగు, వెనక తాళం పెట్టె. తలుపు పాతికేళ్లు ఉంటుందేమో గానీ, ఇవి అంతకాలం ఉండవు.

హ్యాండిల్ మొరాయించగానే కొత్తది కొనుక్కొచ్చి బిగించేస్తారు. కొన్నాళ్లకే అదీ వేలాడుతుంది. కారణం చాలా ఇళ్లలో ఒక్కటే: తలుపు కిందికి జారింది. జారిన తలుపు తాళం నాలుకలను ఫ్రేములోని రంధ్రాల్లోకి దూర్చడానికి మనం రోజూ హ్యాండిల్‌ను బలంగా ఎత్తుతుంటాం. ఆ బలమంతా లోపలి స్ప్రింగు మీదా స్పిండిల్ (రెండు హ్యాండిళ్లనూ కలిపే కడ్డీ) మీదా పడుతుంది. అలాంటి ఇంట్లో మార్చాల్సింది హ్యాండిల్ అయినా, ముందు సరిచెయ్యాల్సింది తలుపు.

ముందు తలుపు బార్లా తెరవండి

షాపుకు వెళ్లే ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇది. రెండు నిమిషాల పని. తలుపు పూర్తిగా తెరిచి ఉంచి, హ్యాండిల్ పైకి ఎత్తండి. అంచులో ఉన్న కొక్కేలు బయటికి వస్తాయి, రోలర్లుంటే అంచు వెంట జరుగుతాయి. తాళం తిప్పండి. మళ్లీ తాళం తీసి, హ్యాండిల్ కిందికి నొక్కి వదలండి.

తలుపు తెరిచి ఉన్నప్పుడు అన్నీ సాఫీగా కదిలి, మూసినప్పుడే బిగుసుకుంటే, మీ హ్యాండిల్‌కు ఏ రోగమూ లేదు. తలుపుకూ ఫ్రేముకూ పొంతన కుదరడం లేదు. కీలు సరిచేసే పని “జారిన తలుపును ఎత్తడం” అన్న చోట ఉంది, నేరుగా అక్కడికి వెళ్లండి, డబ్బు మిగులుతుంది.

తెరిచి ఉన్నా బిగుతుగానే ఉంటే లోపం తాళం పెట్టెలోనో, హ్యాండిల్‌లోనో ఉన్నట్టు. రెండింటిలో ఏదో తేలాలంటే లోపలి వైపు ప్లేటు స్క్రూలు విప్పి, రెండు హ్యాండిళ్లూ తీసేయండి. మధ్యలో ఉండే నాలుగు పలకల ఇనుప కడ్డీయే స్పిండిల్. దాన్ని ఒంటరిగా తాళం పెట్టెలో పెట్టి ప్లయర్‌తో కొద్దిగా తిప్పండి. తేలిగ్గా తిరిగి, వదలగానే తనంతట తాను వెనక్కి వస్తే పెట్టె బాగుంది, హ్యాండిల్ మార్చుకోవచ్చు. గరగరమంటూ ఎక్కడో పట్టేస్తుంటే, లేదా వెనక్కి రాకుండా ఉండిపోతే పెట్టె అరిగింది. ఈ పెట్టెనే మన దగ్గర గేర్‌బాక్స్ అంటారు. అది అరిగినప్పుడు ఎంత ఖరీదైన హ్యాండిల్ పెట్టినా వేలాడుతూనే ఉంటుంది.

హ్యాండిల్ పూర్తిగా వదులై, తిప్పితే లోపల ఏమీ కదలకపోతే స్పిండిల్ అంచులు గుండ్రంగా అరిగిపోయాయేమో చూడండి. అప్పుడు స్పిండిల్ ఒక్కటి మార్చినా సరిపోతుంది. ప్లేటు తలుపు మీద అటూ ఇటూ ఊగుతుంటే మాత్రం స్క్రూలు వదులయ్యాయంతే. బిగించి చూడకుండా దేనికీ ఖర్చు పెట్టకండి.

మధ్యాహ్నం మాత్రమే పట్టేసే తలుపు

తిరుపతి ఎండ సంగతి వేరే చెప్పాలా! మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరు. పడమటి బాల్కనీ తలుపు పొద్దున హాయిగా మూసుకుని, మూడు గంటలకు మొండికేస్తుంది. రాత్రికి మళ్లీ మామూలే. ఇది తాళం లోపం కాదు.

యూపీవీసీ వేడికి బాగా సాగే పదార్థం. మీటరుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. సాగుతుంది. తలుపు ఎత్తు 2.1 మీటర్లు, పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఫ్రేము వేడిలో తేడా 25 డిగ్రీలు అనుకుంటే 3.7 మి.మీ. దాకా లెక్క వస్తుంది. లోపల ఇనుప పట్టీ ఉంటుంది కాబట్టి అంతా సాగదు. కానీ బయటి ముఖం కాలిపోతూ, లోపలి ముఖం చల్లగా ఉండటంతో తలుపు విల్లులా కొద్దిగా వంగుతుంది. చెక్క రంగు ఫిల్ము అంటించిన గోధుమ రంగు తలుపులు తెల్లవాటికంటే ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి వాటిలో ఈ గొడవ ఎక్కువ.

అందువల్ల కీలు సరిచేశాక ఒకసారి పొద్దున, ఒకసారి ఎండ నేరుగా పడే వేళ మూసి చూడాలి. పొద్దున చూసి వెళ్లిపోయిన మేస్త్రీ పని మధ్యాహ్నానికి తప్పుగా కనిపించవచ్చు, అది ఆయన తప్పు కాకపోవచ్చు. వీలైతే ఆ తలుపు బయట వెదురు చాపో వట్టివేళ్ల తడికో కట్టండి, సగం బాధ తగ్గుతుంది.

కొలతలు: షాపులో అడిగేవి ఇవే

“అన్నా, యూపీవీసీ డోరు హ్యాండిల్ కావాలి” అంటే షాపతను మొదట అడిగేది “సెంటర్ ఎంత?” అనే. దానికి జవాబు లేకుండా వెళ్తే ఆ రోజు వెళ్లిన పని వృథా. పాత హ్యాండిల్ విప్పి సంచిలో వేసుకుని వెళ్లడం అన్నిటికంటే తెలివైన పని. విప్పితే తలుపు మూయడం కుదరదనుకుంటే ఈ కొలతలు రాసుకోండి. టేపు కంటే స్టీల్ స్కేలు మేలు.

సెంటర్ అంటే హ్యాండిల్ తిరిగే బిందువు మధ్య నుంచి తాళంచెవి దూరే సిలిండర్ గుండ్రని భాగం మధ్య దాకా ఉన్న దూరం. బహుళ కొక్కేల తాళాలున్న తలుపుల్లో 92 మి.మీ. బాగా కనిపిస్తుంది. 85 కూడా మామూలే. 70, 72 కూడా ఉంటాయి. ఈ ఒక్క కొలతలో సర్దుబాటు ఉండదు. 85 తాళానికి 92 ప్లేటు పెడితే ఏడు మి.మీ. తేడాతో సిలిండర్ రంధ్రం పక్కకు పోతుంది. “ఆకురాయితో కొంచెం రాస్తే సరిపోతుంది సార్” అని ఎవరైనా అంటే నమ్మకండి.

తర్వాతది స్క్రూ సెంటర్. పైన, కింద ఉన్న స్క్రూ రంధ్రాల మధ్య దూరం ఇది. 122, 215 వంటి కొలతలుంటాయి. ఇది కలవకపోతే కొత్త రంధ్రాలు వెయ్యాలి. లోపల ఇనుప పట్టీ ఉన్న చోట అది మామూలు డ్రిల్ పని కాదు, పాత రంధ్రం కూడా కనబడుతూ ఉంటుంది. కాబట్టి కలిసేదే వెతకండి.

స్పిండిల్ మందం తలుపులకు సాధారణంగా 8 మి.మీ. చదరం. కిటికీలకు 7. పొడవు తలుపు మందాన్ని బట్టి మారుతుంది. 60 మి.మీ. తలుపైతే రెండు వైపులా హ్యాండిల్ లోపలికి కనీసం 15 మి.మీ. చొప్పున దూరేలా చూసుకోండి. తక్కువ దూరితే కొన్నాళ్లకే అంచులు అరుగుతాయి. పొడవు ఎక్కువైతే కంగారు లేదు, హ్యాక్సాతో కోసుకోవచ్చు.

ప్లేటు వెడల్పును చాలామంది పట్టించుకోరు. తలుపు ఫ్రేములో చదునుగా ఉండే భాగం ఇరుకు. అక్కడ 28 నుంచి 32 మి.మీ. ప్లేట్లే సరిగ్గా కూర్చుంటాయి. చెక్క తలుపుకు పెట్టే వెడల్పాటి ప్లేటు తెస్తే, అది అద్దం పట్టీ మీదికి ఎక్కి ఒక పక్క లేచి నిలబడుతుంది.

బ్యాక్‌సెట్ కూడా రాసుకోండి. తలుపు అంచు నుంచి స్పిండిల్ మధ్య వరకు ఉండే దూరం అది, 25 నుంచి 40 దాకా ఉంటుంది. హ్యాండిల్ కొనడానికి నేరుగా అక్కర్లేదు కానీ, 25, 28 ఉన్న తలుపుకు నిటారు హ్యాండిల్ పెడితే మూసేటప్పుడు వేళ్ల గణుపులు ఫ్రేముకు గీసుకుంటాయి. అలాంటి చోట కొంచెం బయటికి వంగి ఉండే హ్యాండిల్ అడగండి. గేర్‌బాక్స్ మార్చాల్సి వస్తే మాత్రం ఈ కొలత తప్పనిసరి.

తలుపు అంచున ఉన్న పొడవాటి స్టీలు పట్టీ మీద తాళం కంపెనీ పేరు, నంబరు చెక్కి ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మీ కొలతలన్నిటికంటే ఆ ఫొటోయే షాపతనికి ఎక్కువ చెబుతుంది.

ఏది కొనాలి

మొదటి ప్రశ్న: బయటి వైపు కూడా తిప్పే హ్యాండిల్ కావాలా, లేక కదలని పిడి చాలా? పెరటి తలుపుకు బయట కదలని పిడి ఉంటే తాళంచెవి లేకుండా ఎవరూ లోపలికి రాలేరు, మంచిదే. బాల్కనీకి మాత్రం రెండు వైపులా తిరిగేదే పెట్టుకోండి. బట్టలారేయడానికి వెళ్లినప్పుడు గాలికి తలుపు మూసుకుని నాలుక పడిందంటే, ఫోను లోపల, మీరు బయట. మూడో అంతస్తులో పొయ్యి మీద పాలు పెట్టి వెళ్లినవాళ్లకు ఆ టెన్షన్ ఏంటో తెలుస్తుంది.

అలిపిరి, కపిలతీర్థం వైపు, కొండ పాదంలో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. అక్కడ కోతులు బాల్కనీలోకి దిగుతాయి. తిరిగే హ్యాండిల్ కిందికి వేలాడితే తెరుచుకుంటుందని వాటికి తెలియడం పెద్ద పనేమీ కాదు. కాబట్టి అక్కడ ఏ హ్యాండిల్ పెట్టినా, ఎత్తి తాళం తిప్పే అలవాటు చేసుకోవాల్సిందే. తాళం తిప్పనంత వరకు కొక్కేలు పడినా హ్యాండిల్ కిందికి నొక్కితే అవి వెనక్కి వచ్చేస్తాయి.

లోహం సంగతి. జింకు మిశ్రమంతో పోతపోసినవి బరువుగా, చవగ్గా ఉంటాయి, ఇంట్లో వాడకానికి బాగానే ఉంటాయి. అల్యూమినియం తేలిక, పౌడర్ కోటింగు బాగా పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం మన దగ్గరకు చాలు. సముద్రగాలి తగిలే నెల్లూరు, చెన్నై తీరంలోనైతే 316 ఆలోచించాలి, తిరుపతికీ చిత్తూరుకూ ఆ ఖర్చు దండగ. ప్లాస్టిక్ హ్యాండిళ్లు ఎండ పడే చోట పచ్చబారి పెళుసెక్కుతాయి, వద్దు.

షాపులో అయస్కాంతం పెట్టి “చూడండి సార్, అతుక్కోలేదు, అసలు స్టీలు” అంటారు. అయస్కాంతం పూతపూసిన ఇనుమును పట్టిస్తుంది, అంతవరకే. చవక 202 రకం కూడా మామూలుగా అయస్కాంతానికి అతుక్కోదు. 202, 304 మధ్య తేడా ఆ పరీక్షకు తెలియదు. కాబట్టి ప్యాకెట్ మీద గ్రేడు రాసి ఉన్నది, బిల్లు ఇచ్చేది కొనండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1906 అని రాసి ఉంటే, మన్నిక గ్రేడు చూడండి. 6 అంటే లక్ష సార్లు, 7 అంటే రెండు లక్షల సార్లు తిప్పి పరీక్షించినట్టు.

స్ప్రింగు ఉన్న హ్యాండిల్, లేని హ్యాండిల్ అని రెండు రకాలు. చేతిలో పట్టుకుని కిందికి తిప్పి వదిలితే వెనక్కి వచ్చేది స్ప్రింగుది. లేనివి తాళం పెట్టెలోని స్ప్రింగు మీదే ఆధారపడతాయి. మీ తలుపు పాతదైతే స్ప్రింగు ఉన్నదే కొనండి. అలసిపోయిన గేర్‌బాక్స్‌కు కాస్త ఊతం దొరుకుతుంది.

దొరకడం విషయానికొస్తే, మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో చెక్క తలుపుల సరుకే ఎక్కువ ఉంటుంది. మీ తలుపు తయారుచేసిన ఫ్యాబ్రికేటర్‌ను మొదట అడగండి, అదే కొలత హ్యాండిల్ అతని దగ్గర మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. చిత్తూరు వాళ్లకు వేలూరు దగ్గర. తిరుపతి నుంచి చెన్నై ఎలాగూ వెళ్తుంటాం, ప్యారీస్ కార్నర్ వైపు వెళ్తే పాత హ్యాండిల్ సంచిలో పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఫొటో చూసి కాకుండా కొలతల పట్టిక చూసి కొనండి, సెంటర్ ఎంతో రాయని వస్తువు జోలికి పోకండి.

బిగించడం

కావాల్సినవి: ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, నోస్ ప్లయర్, హ్యాక్సా బ్లేడు, ఆకురాయి, 4, 5 మి.మీ. అలెన్ కీలు. స్క్రూలు చేత్తోనే బిగించాలి, డ్రిల్ మెషీన్ వద్దు. కింద ఒక పాత దుప్పటి పరవండి, లేకపోతే స్క్రూ బాల్కనీ జాలి గుండా కింది ఇంటి బట్టల మీద పడుతుంది.

1. తలుపు తెరిచి, గాలికి మూసుకుపోకుండా ఇటుకో స్టూలో అడ్డం పెట్టండి. పని పూర్తయ్యేదాకా తలుపు మూయకూడదు. ఇది మరిచిపోతే మిగతా అన్ని జాగ్రత్తలూ వృథానే.

2. తాళంచెవి తీసేయండి. లోపలి వైపు ప్లేటుకు ఉన్న రెండు స్క్రూలు విప్పండి. కొన్నింటిలో మూడోది కూడా ఉంటుంది, మూత కింద దాక్కుని ఉంటుంది. చివరి స్క్రూ విప్పేటప్పుడు బయటి ప్లేటును ఒక చేత్తో పట్టుకోండి, అది పట్టు వదిలి కింద పడుతుంది.

3. రెండు ప్లేట్లూ సిలిండర్ మీదుగా బయటికి జారాలి. లోపలి వైపు తాళంచెవికి బదులు తిప్పే బుడిపె ఉన్న సిలిండరైతే ప్లేటు దాని మీదుగా రాదు. లాగకండి. ముందు సిలిండర్ తీయాలి, ఎలాగో కింద చెప్పాను.

4. స్పిండిల్ బయటికి లాగి, అంచులు వేలితో తడిమి చూడండి. పదును పోయి గుండ్రంగా తగిలితే కొత్తదే వాడండి. కొత్త హ్యాండిల్‌తో వచ్చింది పొడవెక్కువైతే, ఒక హ్యాండిల్‌లో పూర్తిగా దూర్చి, తలుపులో పెట్టి, రెండో హ్యాండిల్ పెట్టినప్పుడు ప్లేటుకూ తలుపుకూ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో చూడండి. ఆ ఖాళీకి రెండు మి.మీ. కలిపి కోయండి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాయండి.

5. పాత ప్లేటు ఉన్న చోట దుమ్ము, జిడ్డు గీతలా పేరుకుని ఉంటుంది. సబ్బు నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. థిన్నర్ వాడితే యూపీవీసీ మెరుపు పోయి మరక శాశ్వతంగా మిగిలిపోతుంది.

6. బయటి ప్లేటు స్పిండిల్‌తో సహా పెట్టండి. దాని వెనక మరలున్న రెండు గొట్టాలు తలుపు రంధ్రాల్లోకి దూరాలి. తర్వాత లోపలి ప్లేటు. హ్యాండిల్ కొస కీలు వైపు చూస్తూ ఉండాలి. ఎడమ కుడి తేడా ఉన్న హ్యాండిల్ అయితే ఇక్కడే తెలిసిపోతుంది.

7. రెండు స్క్రూలనూ వేళ్లతో మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. పైది పూర్తిగా బిగించేసి కిందిది మొదలుపెడితే ప్లేటు వంకర పోతుంది. కొత్త స్క్రూలు పొడవెక్కువైతే కొస గొట్టం అడుగున తగిలి ఆగిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ప్లేటు ఊగుతూ ఉంటుంది. అప్పుడు స్క్రూను నాలుగైదు మి.మీ. కోయాలి. కోసే ముందు దానికి ఒక నట్టు ఎక్కించుకోండి. కోశాక నట్టును వెనక్కి తిప్పి తీస్తే చెడిన మర సరైపోతుంది.

8. స్క్రూలు బిగించడానికి ముందు తాళంచెవి పెట్టి తిప్పి చూడండి. సిలిండర్ ప్లేటు అంచుకు రాసుకోకుండా ఉండాలి. రాసుకుంటుంటే ప్లేటును కొద్దిగా పైకో కిందికో జరిపి, అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. మరీ బిగిస్తే ఫ్రేము నొక్కుకుపోయి హ్యాండిల్ వెనక్కి రావడం బద్ధకిస్తుంది. అలా జరిగితే పావు చుట్టు వదులు చేయండి.

9. తలుపు తెరిచే ఉంచి, ఎత్తడం, తాళం వేయడం, తీయడం, నొక్కడం పదిసార్లు చెయ్యండి. అప్పుడే తలుపు మూయండి.

సిలిండర్

కొత్త ప్లేటు పాతదానికంటే పలచగా ఉంటే సిలిండర్ బయటికి పొడుచుకువస్తుంది. ప్లేటు మీద 3 మి.మీ. కంటే ఎక్కువ బయటికి ఉండకూడదు. ఎక్కువ ఉంటే దొంగ దాన్ని ప్లయర్‌తో పట్టి విరిచేయగలడు. స్క్రూ దూరే చోట సిలిండర్ సన్నగా ఉంటుంది, దొంగకు అదే కావాలి.

తీయడం తేలిక. తలుపు అంచున, సిలిండర్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న పొడవాటి స్క్రూ పూర్తిగా విప్పండి. తాళంచెవి పెట్టి కొద్దిగా, గడియారంలో ఒంటిగంట ముల్లు వంపు దాకా తిప్పుతూ బయటికి లాగండి. లోపలి నాలుక సిలిండర్ ఒంటితో సమానమైన క్షణాన అది జారి వచ్చేస్తుంది. రాకపోతే అటు పదకొండు వైపు తిప్పి చూడండి. కొత్తది కొనేటప్పుడు మొత్తం పొడవు చెప్తే చాలదు. స్క్రూ రంధ్రం మధ్య నుంచి లోపలికెంత, బయటికెంత, విడివిడిగా కొలవాలి. 30, 40 ఉన్నదీ 35, 35 ఉన్నదీ రెండూ 70 మి.మీ.లే, కానీ ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

అద్దె ఇళ్ల యజమానులకు ఒక మాట. అద్దెకున్నవాళ్లు మారినప్పుడు హ్యాండిలూ తాళం మొత్తం మార్చక్కర్లేదు. ఈ సిలిండర్ ఒక్కటి మారిస్తే పాత తాళంచెవులన్నీ పనికిరాకుండా పోతాయి.

రిపేరుతో తీరేవి

వేలాడే హ్యాండిల్ అన్నిటికంటే మామూలు జబ్బు. దీనికి పాల ప్యాకెట్ల సంచి కూడా ఒక కారణం. రాత్రి సంచి హ్యాండిల్‌కు తగిలిస్తే పొద్దున పాలబ్బాయి అందులో నాలుగు ప్యాకెట్లు వేసి వెళ్తాడు. రెండు కిలోల బరువు లేవర్ కొసన గంటల తరబడి వేలాడితే స్ప్రింగు ఏమవుతుంది? గోడకు ఒక మేకు కొట్టుకోండి. హ్యాండిల్ వెనక స్ప్రింగు ఉన్న చిన్న డబ్బీ ఉంటుంది, కొన్ని మోడళ్లకు అది విడిగా దొరుకుతుంది. దొరక్కపోతే హ్యాండిల్ జత మార్చడమే, స్ప్రింగును సాగదీసి మళ్లీ పెట్టడం వారం రోజుల ముచ్చట.

చుట్టాల చేతులు ఇంకో కారణం. తిరుపతిలో ఇల్లు ఉందంటే దర్శనానికి వచ్చేవాళ్లకు కొదవ ఉండదు. ఎత్తి మూయాలని వాళ్లకు తెలియదు, తాళం పడలేదని కిందికే గట్టిగా నొక్కుతారు. తలుపు పక్కన “పైకి ఎత్తి తాళం తిప్పండి” అని ఒక చీటీ అంటిస్తే సిగ్గేమీ లేదు.

స్క్రూ తల చెడిపోతే దాని మీద సన్నని రబ్బరు ముక్క పెట్టి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి తిప్పండి. అయినా రాకపోతే తల వరకు డ్రిల్ చేసి తీసేయాలి. ప్లేటు ఊడిరాగానే మిగిలిన మొండాన్ని ప్లయర్‌తో తిప్పొచ్చు.

గేర్‌బాక్స్ పోతే: హ్యాండిళ్లు, స్పిండిల్, సిలిండర్ తీసి, అంచు పట్టీ స్క్రూలన్నీ విప్పి, పట్టీని బయటికి లాగాలి. కొన్ని తాళాల్లో మధ్య పెట్టె ఒక్కటే విడిగా మార్చొచ్చు, కొన్నింట్లో మొత్తం పట్టీ కొనాలి. దాన్ని తీసుకెళ్లి సెంటర్, బ్యాక్‌సెట్, పట్టీ వెడల్పు, కొక్కేలున్న చోట్లు నాలుగూ కలిసేది తెచ్చుకోవాలి. హ్యాండిల్ వందల్లో పోతే ఇది వేలల్లోకి వెళ్లొచ్చు.

తలుపు మూసి ఉండగా గేర్‌బాక్స్ విరిగితే బలప్రయోగం వద్దు. ఒకరు తలుపును కొక్కేలున్న చోట ఫ్రేము వైపు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు హ్యాండిల్ మెల్లగా తిప్పండి. ఒత్తిడి తగ్గితే ఒక్కోసారి వదులుతుంది. వదలకపోతే ఫ్యాబ్రికేటర్‌ను పిలవాల్సిందే.

జారిన తలుపును ఎత్తడం

హ్యాండిల్ వైపు కింది మూల గడపకు రాసుకున్న గీతలు, పైన అదే వైపు సందు పెద్దదవడం తలుపు జారిందనడానికి గుర్తులు. కీలు మూతలు తీస్తే అలెన్ కీ రంధ్రాలు కనిపిస్తాయి. ఒకటి పైకి కిందికి, ఒకటి పక్కకు జరపడానికి. తలుపు కింద చెక్క ముక్కలు పెట్టి బరువు తీసేసి, అన్ని కీళ్లకూ సమానంగా అరచుట్టు చొప్పున తిప్పండి. ఒక్క కీలునే తిప్పితే బరువంతా దాని మీదే పడుతుంది.

కీళ్లు సరిచేసినా నెల తిరగకుండా మళ్లీ జారుతుంటే లోపం అద్దం దగ్గర ఉంది. అద్దం చుట్టూ ఫ్రేములో చిన్న ప్లాస్టిక్ బిళ్లలు (ప్యాకింగ్) పెడతారు. కీలు వైపు కింది మూల నుంచి హ్యాండిల్ వైపు పై మూలకు ఏటవాలుగా అద్దమే తలుపు బరువును మోసేలా ఆ బిళ్లలు అమర్చాలి. అవి తక్కువ పెట్టినా, జారిపోయినా తలుపు కుంగుతుంది. ఇది ఇంట్లో చేసే పని కాదు, అద్దం పట్టీ విప్పాలి. కానీ మేస్త్రీ వచ్చినప్పుడు “ప్యాకింగ్ చూశారా?” అని అడగండి. అడిగితేనే చూసేవాళ్లు ఉన్నారు.

అంతా సరయ్యాక తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి, లాగండి. కొంచెం పట్టుగా రావాలి. పైన, మధ్యన, కింద మూడు చోట్లా అలాగే వస్తే పొంతన కుదిరినట్టు. ఎక్కడైనా ఊడిపడినట్టు వచ్చేస్తే అక్కడ ఫ్రేములో తాళం కొక్కెం దూరే లోహపు ముక్క అయిన కీపర్‌ను కొద్దిగా లోపలికి జరపాలి.

జారుడు తలుపులు, కిటికీలు, బాత్రూమ్

జారుడు తలుపు హ్యాండిల్ ఊడిందంటే చాలాసార్లు కింద చక్రాలు అరిగో, పట్టాలో దుమ్ము గట్టిపడో ఉంటుంది. పట్టాలు శుభ్రం చేసి, తలుపు పక్క అంచు కింద ఉన్న రంధ్రంలో స్క్రూ తిప్పి చక్రాల ఎత్తు సరిచేశాకే హ్యాండిల్ మాట.

కిటికీ హ్యాండిల్‌కు స్క్రూల దూరం సాధారణంగా 43 మి.మీ., స్పిండిల్ 7. ముఖ్యమైంది స్పిండిల్ పొడవు, హ్యాండిల్ అడుగు నుంచి కొలవండి. స్క్రూలు కనిపించకపోతే అడుగు మూతను కొంచెం పైకి లేపి అడ్డంగా తిప్పండి, కింద ఉంటాయి.

బాత్రూమ్‌కు పెట్టే గుల్ల పీవీసీ రేకు తలుపు ఈ యూపీవీసీ తలుపుల్లాంటిది కాదు. దానికి స్క్రూ పట్టు ఉండదు. ఇటు నుంచి అటు పోయే బోల్టు, రెండు వైపులా వాషర్లు వేసి బిగిస్తేనే గడియ గానీ హ్యాండిల్ గానీ నిలుస్తుంది.

నూనె, యాసిడ్

సిలిండర్‌లో కొబ్బరినూనె పోయకండి. మన దుమ్ముతో కలిసి ఆరు నెలల్లో జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి, అది లేకపోతే పెన్సిల్ ములుకు గీకిన పొడి తాళంచెవికి రాసి నాలుగుసార్లు తిప్పితే చాలు. కొక్కేలకు, రోలర్లకు ఏడాదికి రెండుసార్లు, ఎండలకు ముందొకసారి, ఈశాన్య వానల ముందొకసారి, తెల్ల గ్రీజు పలచగా రాయండి.

స్టీలు హ్యాండిళ్లు నల్లబడటానికి పెద్ద కారణం గృహప్రవేశానికి ముందు చేసే టైల్స్ యాసిడ్ వాష్. మూసిన గదిలో ఆ ఆవిరి చాలు, 304 కూడా మచ్చలు పడుతుంది. ఆ రోజు కిటికీలన్నీ తెరిచి, హ్యాండిళ్లకు ప్లాస్టిక్ కవర్లు గట్టిగా చుట్టి, పని అయ్యాక మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. బోరు ఉప్పునీళ్లతో కడిగి వదిలేస్తే తెల్ల చారలు పడతాయి, అవి పోవాలంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్లతో మళ్లీ తుడవాలి.